స్వరలిపి పీడీఎఫ్ ప్రింటు తీస్తే స్థాయి చుక్కలు మాయం: తప్పు ప్రింటరుదా, ఫైలుదా?

తంబుర_శ్రుతి
కర్ణాటక సంగీత వర్ణాల స్వరలిపి (నొటేషన్) పీడీఎఫ్ ఒకటుంది. 12 పేజీలు, ఏ4 సైజు. ఫోన్‌లో చూస్తే మంద్రస్థాయి (కింది స్థాయి) ద, ని కింద చుక్కలు, తారస్థాయి (పై స్థాయి) స, రి మీద చుక్కలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. జిరాక్స్ షాపులో ప్రింటు తీయిస్తే కింది చుక్కలు దాదాపు అన్నీ పోయాయి, పైవి అక్కడక్కడ పోయాయి. అక్షరాలు మాత్రం ఏమీ చెడలేదు. ఫైలే అంత అని షాపువాళ్లు, ప్రింటరే అంత అని ఫైలు పంపినవాళ్లు. ఆదివారంలోపు 15 మంది పిల్లలకు ఇవ్వాలి. ఏం చేయాలి?

అచ్చుకూర్పరి
ప్రింటరుదే తప్పు. ఫోన్‌లో కనపడింది కాగితం మీద పడలేదంటే ఫైలును ఎలా అంటారు? అడోబీ రీడర్‌లో తెరిచి ప్రింట్ నొక్కండి. ఆ పెట్టెలో పైన అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది, అందులో 'ప్రింట్ యాజ్ ఇమేజ్' దగ్గర టిక్ పెట్టండి. ఫాంట్లతో పని లేకుండా పేజీ మొత్తం బొమ్మగా వెళ్తుంది. అంతే.

యూనిలిపి
అంతే కాదండీ. అది జబ్బును కప్పిపెట్టే మందు. ముందు ఫైలు తెరిచి కంట్రోల్, డి కలిపి నొక్కి ఫాంట్స్ అనే ట్యాబ్ చూడండి. ప్రతి ఫాంటు పేరు పక్కన 'ఎంబెడెడ్' లేదా 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అని ఉండాలి, అంటే ఆ ఫాంటు ఫైలులోనే ఉందని. లేని ఫాంటు ఒక్కటున్నా షాపు కంప్యూటరు దాని బదులు వేరేది పెడుతుంది. పాత అను ఫాంట్లతో కూర్చిన ఫైళ్లన్నిటికీ ఇదే గతి. అవి యూనికోడ్ (ప్రతి లిపి అక్షరానికీ సొంత సంఖ్య ఉండే పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్న ఫాంట్లు.

అచ్చుకూర్పరి
ప్రశ్న సరిగా చదవండి. 'అక్షరాలు ఏమీ చెడలేదు' అని రాశారు. అను ఫాంటు ఎంబెడ్ కాకపోతే చుక్కలొక్కటే పోవు. పేజీ అంతా ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలు వస్తాయి. యూనికోడ్ కాని ప్రతి ఫైలునూ తప్పుపట్టడం మీకు అలవాటైంది.

తంబుర_శ్రుతి
చూశాను. మూడు అను ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయి. టైమ్స్ రోమన్ అని ఇంకొకటుంది, దాని పక్కన ఎంబెడెడ్ అని లేదు.

యూనిలిపి
చూశారా! ఆ టైమ్స్ రోమన్‌తోనే చుక్కలు పెట్టారు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ఫుల్‌స్టాప్ విడిగా కొట్టి, బేస్‌లైన్ షిఫ్ట్‌తో కిందికి దించి, కెర్నింగ్‌తో అక్షరం కిందికి జరుపుతారు. అది అక్షరానికి అంటుకున్న చుక్క కాదు, పక్కన నిలబెట్టిన చుక్క.

అచ్చుకూర్పరి
అయితే ఏమైంది? టైమ్స్ రోమన్ ప్రతి పీడీఎఫ్ రీడర్‌కూ తప్పక తెలిసిన 14 ఫాంట్లలో ఒకటి. ఎంబెడ్ కాకపోయినా దానికి దగ్గరి ఫాంటుతో ఫుల్‌స్టాప్ పడుతుంది. ఏ ఫాంటులోనైనా ఫుల్‌స్టాప్ ఫుల్‌స్టాపే. మీ మాట తప్పు.

జిరాక్స్_కౌంటర్
షాపువైపు నుంచి మూడు ప్రశ్నలు. టోనర్ సేవ్ ఆన్‌లో ఉందా? కాగితం మిగలాలని ఒక పక్కన రెండు పేజీలు వేశారా? అడోబీ నుంచి తీశారా, బ్రౌజర్ నుంచి తీశారా?

తంబుర_శ్రుతి
రెండు పేజీలు ఒక పక్కనే వేశారు. టోనర్ సంగతి తెలియదు. అచ్చుకూర్పరి గారు చెప్పినట్టు ఇమేజ్‌గా కూడా తీయించాను. ఇంకా పల్చబడింది.

యూనిలిపి
సరే, ఫాంటు మార్పిడి అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది సైజు గొడవ. లెక్క చూడండి. 6 పాయింట్ల ఫుల్‌స్టాప్ అడ్డం కొలత సుమారు 0.2 మి.మీ. 600 డీపీఐ (అంగుళానికి 600 బిందువులు) ప్రింటరు ఒక్క బిందువు 0.042 మి.మీ. అంటే ఆ చుక్కకు అయిదు బిందువులు దక్కుతాయి, బతుకుతుంది. ఏ4 పేజీలు రెండు ఒక పక్కన వేస్తే 71 శాతానికి తగ్గుతుంది. చుక్క 0.14 మి.మీ. అవుతుంది. దాన్ని మళ్లీ 300 డీపీఐ ఇమేజ్‌గా పంపితే బిందువు 0.085 మి.మీ., అంటే చుక్కకు రెండు కూడా సరిగా రావు. దానిమీద టోనర్ సేవ్ పెడితే మొదట చచ్చేది ఒంటరిగా ఉన్న చిన్న చుక్కే. అక్షరం గీతలు మందం కాబట్టి నిలబడ్డాయి. ఫైలును 400 శాతం పెద్దది చేసి చూడండి, కింది చుక్క పై చుక్క కన్నా చిన్నదిగా ఉంటుంది.

తంబుర_శ్రుతి
అవును, కిందివి చిన్నవి.

అచ్చుకూర్పరి
కింది చుక్క చిన్నది పెట్టడానికి కారణం ఉంది. కింది వరుసలో సాహిత్యం (పాట మాటలు) ఉంటుంది. ఆ వరుసలో గుడి, తలకట్టు పైకి లేస్తాయి. చుక్క పెద్దదైతే వాటికి తగిలి ఏది ఎవరిదో తెలియదు. వరసల ఎడం పెంచితే ఒక్కో వర్ణం మూడు పేజీలవుతుంది, పాడుతూ పేజీ తిప్పాలి. ఇవన్నీ చూసుకుని పెట్టిన కొలత అది. 600 డీపీఐలో, 100 శాతం సైజులో తీస్తే ఒక్క చుక్క పోదు. నేను ఇమేజ్ అన్నాను గానీ 300 అని ఎప్పుడన్నాను? టిక్ పక్కనే డీపీఐ పెట్టె ఉంటుంది.

యూనిలిపి
మీరు 600 అని కూడా అనలేదు.

స్టాఫ్_గీతలు
పాశ్చాత్య సంగీతం రాసే అయిదు గీతల స్టాఫ్ నొటేషన్‌లోనూ ఇదే బాధ. మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్‌లో 7 మి.మీ. ఎత్తు స్టాఫ్‌కు గీత మందం 0.19 మి.మీ. దగ్గర ఉంటుంది. 300 డీపీఐ బొమ్మ చేస్తే ఒక గీతకు రెండు బిందువులు, పక్కదానికి మూడు పడతాయి. అయిదు గీతల్లో ఒకటి లావు, ఒకటి సన్నం. పాత సంగీత ఫాంటు ఎంబెడ్ కాకపోతే గీతల మొదట ఉండే గుర్తుల్లో ట్రెబుల్ క్లెఫ్ చోట '&', బేస్ క్లెఫ్ చోట '?' పడతాయి. అలా పడితేనే ఫాంటు జబ్బు. గీతలు సన్నబడితే ప్రింటు జబ్బు. ఈ రెండూ కలపకండి.

ఖరహరప్రియ
మీ బిందువుల లెక్కలు సరే. స తర్వాత వచ్చే ని కింద చుక్క లేకపోతే, ఒక్క మెట్టు దిగాల్సిన పిల్ల ఆరు మెట్లు పైకి దూకుతుంది. అది అచ్చుతప్పు కింద పోదు, స్వరమే మారిపోతుంది.

అచ్చుకూర్పరి
గురువు దగ్గర విన్న పిల్ల అలా దూకదు. కాగితం గుర్తు కోసమే.

యూనిలిపి
గుర్తు కోసమైతే ఆ గుర్తు నిలవాలి కదండీ! దీనికి తీరైన పద్ధతి ఉంది. యూనికోడ్‌లో అక్షరానికి అంటుకునే పై చుక్క 0307, కింది చుక్క 0323. అవి అక్షరంతోనే కదులుతాయి, సైజు పెంచినా తగ్గించినా చోటు తప్పవు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో వెర్షన్ లేదు, దానికి యూనికోడ్ తెలుగు రాదు. ఇన్‌డిజైన్ సీఎస్6 నుంచి తెలుగు సరిగ్గా కూర్చుతుంది, లిబ్రేఆఫీసూ కూర్చుతుంది. స్వరాలను స్పేస్‌బార్‌తో జరపకుండా పట్టికలో పెట్టాలి. ఆది తాళానికి 8 గడులు, నాలుగు, రెండు, రెండు దగ్గర నిలువు గీతలు. అప్పుడు ఫాంటు మారినా తాళం చెదరదు.

అచ్చుకూర్పరి
చాలా తెలుగు ఫాంట్లలో ఆ 0323కి చోటు నిర్ణయించి ఉండదు. గుడి ఉన్న రి, ని లాంటి వాటికి చుక్క పెడితే పక్కకు జరుగుతుంది, లేదా చుక్కల వలయం ఒకటి తెచ్చిపెడుతుంది. వర్డ్‌లో లైన్ స్పేసింగ్ 'ఎగ్జాక్ట్‌లీ' పెడితే పై చుక్క సగం తెగుతుంది. రెండో కాలానికి (రెట్టింపు వేగానికి) కింద గీత పెట్టేవాళ్లకు ఆ గీత మంద్రస్థాయి చుక్కను మింగేస్తుంది. మీ తీరైన పద్ధతిలో ఇన్ని తూట్లు. సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' గ్రంథం 1904లో ఎట్టయపురంలో గమక చిహ్నాలతో సహా తెలుగులో అచ్చయింది. అప్పుడు యూనికోడ్ ఉందా?

యూనిలిపి
అప్పుడు చుక్క ఎంత పెద్దదుండాలో కాగితం మీద చూసి నిర్ణయించారు. నేను చెప్పేదీ అదే. 'ఎగ్జాక్ట్‌లీ' బదులు 'అట్ లీస్ట్' పెడితే చుక్క తెగదు. కాలం గీతను పైన పెడితే మంద్రస్థాయి చుక్కతో గొడవే లేదు. వలయం వస్తే ఫాంటు మార్చి చూడాలి. ఇవన్నీ సరిచేయగలిగినవి. ఈ పీడీఎఫ్‌ను ఎలా సరిచేస్తాం? మూల ఫైలు ఉంటే కింది చుక్కలన్నీ ఒక్కసారే 9 పాయింట్లు చేయొచ్చు, పది నిమిషాల పని. ఫైలు కూర్చినవాళ్లు అది ఇవ్వకుండా 'ప్రింటరు మార్చుకోండి' అంటే ఊళ్లో ఉన్న ఒక్క షాపు మీద బతికేవాళ్లు ఏం చేయాలి? ఇది మొండితనం.

అచ్చుకూర్పరి
ఆ ఫైలు కూర్చింది నేనే. మొండితనం కాదు. మూల ఫైలు ఒకసారి ఇచ్చాను. ఎత్తుగడ స్వరాల్లో రెండోది మార్చి, అడుగున ఈ పాఠం ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో రాసిన వాక్యం తీసేసి, అదే పేరుతో పంచారు. ఇప్పుడు రెండు ఫైళ్లు తిరుగుతున్నాయి, ఏది అసలో పిల్లలకు తెలియదు. చుక్క పోతే పెన్నుతో పెట్టుకోవచ్చు. పాఠం మారితే ఎవరు సరిచేస్తారు?

యూనిలిపి
ఇది మొదటే చెప్పి ఉంటే బాగుండేది. ప్రింటరు, ఇమేజ్ అంటూ రెండు రోజులు తిప్పారు.

అచ్చుకూర్పరి
మీరు అడిగింది ప్రింటు గురించి. నేను చెప్పింది ప్రింటు గురించి.

ఖరహరప్రియ
అచ్చుకూర్పరి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మీరు ఫైలు దాచినా పాఠం మారడం ఆగదు. పీడీఎఫ్ చూసి మళ్లీ టైపు చేసేవాళ్లు చేస్తూనే ఉంటారు. చుక్కలు పోయిన మీ ప్రింటు చూసి ఎవరైనా టైపు చేస్తే మూడో పాఠం పుడుతుంది, దాని అడుగున మీరు రాసిన వాక్యమే ఉంటుంది.

జిరాక్స్_కౌంటర్
ఆదివారం దగ్గర పడింది కాబట్టి ఇది వినండి. ఏ4 ఫైలును ఏ3 కాగితం మీద తీయించండి. 141 శాతం అవుతుంది, 0.2 మి.మీ. చుక్క 0.28 అవుతుంది. టోనర్ సేవ్ తీసేయమనండి, క్వాలిటీ 600 పెట్టమనండి, ఇమేజ్ టిక్ వద్దు. 15 కాపీలూ ఫైలు నుంచే ప్రింటు వేయించండి, ఒకటి తీసి దాన్ని జిరాక్స్ చేయించవద్దు. కాపీకి కాపీ తీస్తే ఉన్న చుక్కలు పోతాయి, అద్దం మీది దుమ్ము కొత్త చుక్కలు పెడుతుంది. ఫైలును వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానే పంపండి. మామూలు క్వాలిటీలో ఫొటోగా పంపితే పొడవు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి కుదిస్తుంది, అప్పుడు చుక్కకు ఒక్క పిక్సెలే మిగులుతుంది.

తంబుర_శ్రుతి
ఏ3 మీద వచ్చింది. కింది చుక్కలు అన్నీ పడ్డాయి, రెండో కాలం గీత కింద ఉన్న చోట్ల మాత్రం గీతకు అతుక్కున్నాయి. అవి పెన్నుతో పెడతాను. ఒక అనుమానం. 7వ పేజీ మూడో వరసలో రి మీద చుక్క ఉంది. ఫైలులో అక్కడ లేదు.

జిరాక్స్_కౌంటర్
అదే పేజీలో నిలువునా సమాన దూరంలో ఇంకో మచ్చ ఉందేమో స్కేలుతో కొలవండి. ప్రింటరులో తిరిగే డ్రమ్ అడ్డుకొలత 24 మి.మీ. అయితే 75 మి.మీ.కి ఒకసారి పడుతుంది.

తంబుర_శ్రుతి
కొలిచాను, 75కే పడుతోంది. సాహిత్యం వరసలో ఒకటి, అంచులో ఒకటి ఉన్నాయి. వేరే మెషీన్ మీద మళ్లీ తీయిస్తాను.

అచ్చుకూర్పరి
ఆ రి మధ్యస్థాయిదే. కింది చుక్కలు 9 పాయింట్లు చేసి, సాహిత్యం వరసను 2 పాయింట్లు కిందికి దించి, రెండో కాలం గీతలు పైకి మార్చి ఈ రాత్రికి కొత్త పీడీఎఫ్ ఇస్తాను. 12 పేజీలు 14 అవుతాయి. టైమ్స్ కూడా ఎంబెడ్ చేస్తాను. మూల ఫైలు మాత్రం ఇవ్వను.

యూనిలిపి
9 పాయింట్లంటే 0.3 మి.మీ. పైచిలుకు. రెండు పేజీలు ఒక పక్కన వేసినా 0.2 మిగులుతుంది, చాలు. మూల ఫైలు గురించి నా మాట మారలేదు. పేజ్‌మేకర్ నడిచే కంప్యూటరు మీ దగ్గర ఆగిపోయిన రోజున ఆ చుక్కలను ఎవరూ కదపలేరు.