ఆక్సీకరణ ఒత్తిడి తగ్గడానికి మాత్రలు సరిపోతాయా, భోజనమే మారాలా?

తొలిపొద్దు:
నా వయసు 46 ఏళ్లు. నడుము కొలత పెరగడంతో పాటు ట్రైగ్లిజరైడ్లు 212, పరగడుపు షుగర్ 108, రక్తపోటు 136/88 ఉండటంతో డాక్టరు గారు దీన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అన్నారు. ఈ స్థితిలో శరీరంపై ఆక్సీకరణ ఒత్తిడి (ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు అదుపు తప్పి కణాలను దెబ్బతీయడం) ఎక్కువని చదివి, ఎవరినీ అడగకుండానే విటమిన్ ఇ మాత్రలు మొదలుపెట్టాను. ఎనిమిది నెలలైనా అంకెలు కదలలేదు. ఆహారం మార్చుకున్నవారు తమ అనుభవం చెప్పగలరా?

గాజునాళిక:
నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, వైద్యుణ్ణి కాను. భారీ భోజనం తర్వాత చక్కెర, కొవ్వు ఒక్కసారిగా రక్తంలో చేరినప్పుడు, వాటిని శక్తిగా మార్చే కణభాగాలైన మైటోకాండ్రియాలో ఫ్రీ రాడికల్స్ ఎక్కువగా పుడతాయి. వాటిని అదుపు చేసే గ్లుటాథయోన్ వంటి రక్షణలు మన శరీరంలోనే ఉన్నప్పటికీ, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు రోజంతా లోలోపల వాపును (ఇన్‌ఫ్లమేషన్) ప్రేరేపించే పదార్థాలను విడుదల చేస్తుంటే ఆ రక్షణలు చాలవు. దానివల్ల ఇన్సులిన్ పనితీరు మందగించి, మరుసటి భోజనం తర్వాత షుగర్ మరింత పెరుగుతుంది. మాలోండయాల్డిహైడ్ వంటి కొలమానాలను ఎక్కువగా పరిశోధనల్లోనే వాడతారు కనుక, మామూలు రిపోర్టులో ఈ ఒత్తిడి నేరుగా కనిపించదు. ఇక మాత్రల సంగతికి వస్తే, 2000లో వెలువడిన హోప్ అధ్యయనంలో రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ గుండెపోటు ముప్పును తగ్గించలేదు. సెలెక్ట్ అనే మరో అధ్యయనం 2011 నాటి ఫలితాల్లో ఆ విటమిన్ తీసుకున్న పురుషులలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించింది.

నిదానం:
నేను పది నిమిషాల్లో భోజనం ముగించేవాణ్ణి, అదీ రాత్రి పదిన్నర తర్వాత. కూరగాయలు, పప్పుధాన్యాలు ముందుగా తిని పిండిపదార్థాలను చివరకు ఉంచుకోవడం, రాత్రి భోజనాన్ని ఎనిమిదిలోపు ముగించడం, ఆపై పావుగంట నడవడం అలవాటు చేసుకున్నాను. ఐదు నెలల్లో ట్రైగ్లిజరైడ్లు 238 నుంచి 161కి దిగాయి. బరువు కూడా ఆరు కిలోలు తగ్గింది కాబట్టి ఈ ఘనత దేనిదో నేను తేల్చి చెప్పలేను.

సందేహి:
నేను పిండిపదార్థాలు తగ్గించాను గానీ, పండ్లరసం ఆరోగ్యమే కదా అని రోజుకు రెండు గ్లాసులు తాగాను. రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై 7.9 వచ్చింది. కాలేయంలో ఫ్రక్టోజ్ త్వరత్వరగా విచ్ఛిన్నమయ్యేటప్పుడు కణంలోని శక్తి నిల్వలు తరిగి యూరిక్ యాసిడ్ పుడుతుందని డాక్టరు గారు వివరించారు. పండును పండుగానే తింటే పీచు వల్ల ఆ వేగం తగ్గుతుందట. ఇంత చిన్న విషయం నాకు ముందే తట్టకపోవడం విచిత్రం.

గాజునాళిక:
ఒక హెచ్చరిక. షుగరు, బీపీ మందులు వాడేవారు భోజన వేళలు మార్చుకునే ముందు, ముఖ్యంగా ఉపవాసాలు మొదలుపెట్టే ముందు, మోతాదుల గురించి వైద్యుణ్ణి అడగాలి. అలా అడగకుండా పదహారు గంటలు తినకుండా ఉండి కళ్లు తిరిగి పడిపోయినవారు నాకు తెలుసు.

తొలిపొద్దు:
అందరికీ ధన్యవాదాలు. డాక్టరు గారిని అడిగి మాత్రలు ఆపేశాను. తిన్నవన్నీ వారంపాటు వేళతో సహా రాసుకుంటే, ఏడు రోజుల్లో నాలుగు రాత్రులు పదకొండు దాటాక తిన్నట్టు తేలింది. మూడు నెలల తర్వాత కొత్త రిపోర్టు అంకెలను ఇక్కడే పెడతాను.