పైన్ నట్స్ తిన్న రెండో రోజు నుంచి నోరంతా చేదు. ఇలా ఎవరికైనా అయిందా?

కొత్తవంట:

అందరికీ నమస్తే. కాస్త కంగారులో రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకోండి.

శనివారం రాత్రి జీవితంలో మొదటిసారి పైన్ నట్స్‌తో పెస్టో (బాసిల్ ఆకులు, చీజ్, గింజలు నూరి చేసే ఇటలీ పచ్చడి) చేశాను. మొదటి వాయి మాడిపోయింది. మాడిపోయింది అంటే, ఫోన్ మోగితే అర నిమిషం అటు తిరిగానంతే. వచ్చి చూస్తే ఒక వైపు బొగ్గు, ఇంకో వైపు పాల తెలుపు. అవి పారేసి, రెండో వాయి భయంతో సగం పచ్చిగా ఉండగానే దించేశాను. పెస్టో మాత్రం బాగానే కుదిరింది. మిగిలిన గింజలు సినిమా చూస్తూ గుప్పెడు, ఇంకో గుప్పెడు అంటూ నోట్లో వేసుకున్నాను. తింటున్నప్పుడు చేదు గీదు ఏమీ లేదు. కమ్మగా, కొంచెం తియ్యగా ఉన్నాయి.

సోమవారం పొద్దున కాఫీ చేదు. డికాక్షన్ ఎక్కువైందనుకున్నాను. తర్వాత అరటిపండు తింటే అదీ చేదే. ఆఖరికి మంచినీళ్ళు తాగినా నాలుక వెనకాల రాగి చెంబు నాకినట్టు ఉంది. పళ్ళు మూడుసార్లు తోముకున్నాను, లాభం లేదు. ఇవాళ బుధవారం, ఇంకా అలాగే ఉంది. తీపి తింటే మరీ ఎక్కువవుతోంది. జ్వరం లేదు, కడుపు బాగానే ఉంది.

ఇది ఆ గింజల వల్లేనా? నాకు లివర్‌కి ఏదో అయిందని ఇంట్లో వాళ్ళు టెన్షన్ పెడుతున్నారు. ప్యాకెట్ ఇంకా సగం ఉంది, వంటింటి అలమరలో పెట్టాను. పారెయ్యాలా? "రోజూ గుప్పెడు తింటే మంచి బలం" అని చదివే కొన్నాను మరి.

గింజలపెట్టె:

ముక్కిపోయిన సరుకు అంటగట్టి ఉంటారు. పారేసి వేరేది కొనుక్కోండి.

సన్నసెగ:

కొత్తవంట గారూ, ముందు నిదానించండి. మీకు వచ్చినదానికి పేరుంది: పైన్ మౌత్. నాకు రెండుసార్లు వచ్చింది. పన్నెండేళ్ళు ఒక హోటల్ వంటగదిలో సలాడ్లూ సాస్‌లూ చేసే వైపు పనిచేశాను. రుచి చూడడమే ఉద్యోగం అయిన మనిషికి నోరు అలా అయిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఐదు రోజులు ఉప్పు సరిపోయిందా అని పక్కనున్న కుర్రాణ్ణి అడుగుతూ బతికాను.

ఇది ముక్కిపోవడం కాదు, గింజలపెట్టె గారూ. ముక్కిపోయిన గింజ నోట్లో పెట్టగానే తెలిసిపోతుంది. పాత నూనె వాసన, గొంతులో గీర. ఉమ్మేయబుద్ధవుతుంది. పైన్ మౌత్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. తిన్నప్పుడు గింజ బ్రహ్మాండంగా ఉంటుంది. 12 నుంచి 48 గంటల తర్వాత, దాన్ని మీరు మరిచిపోయాక, ఏది తిన్నా చేదు, లోహపు రుచి మొదలవుతుంది. ఆ చేదు కాఫీలో లేదు, అరటిపండులో లేదు, మీ నాలుక దగ్గరే ఉంది. మీరు శనివారం రాత్రి తిన్నారు, సోమవారం పొద్దున మొదలైంది. లెక్క సరిపోయింది కదా.

ఎక్కువమందికి కొన్ని రోజుల్లో పోతుంది, కొందరికి రెండు వారాలు పడుతుంది, ఇంకా ఎక్కువ పట్టినవాళ్ళూ ఉన్నారు. మందు లేదు. దానంతట అదే తగ్గుతుంది, వెనక ఏ జబ్బూ మిగల్చదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏకి కూడా ఇలాంటి ఫిర్యాదులు బోలెడు వెళ్ళాయి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా జ్వరం, కళ్ళు పచ్చబడడం లాంటివి కనిపిస్తే అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అది వేరే సంగతి అవుతుంది.

ఇంకో మాట. తిన్న కాసేపటికే దురద, దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరి అందకపోవడం ఉంటే అది అలర్జీ. పైన్ నట్స్‌కి గట్టి అలర్జీ ఉన్నవాళ్ళు ఉన్నారు. దానికి రేపటి దాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మీది అది కాదు.

ఇప్పుడు ఒక పని చేయండి. మీ ప్యాకెట్‌లోంచి ఇరవై గింజలు తెల్ల పళ్ళెంలో పరిచి, ఆకారం ఎలా ఉందో చెప్పండి.

కొత్తవంట:

హమ్మయ్య! మీ పోస్టు ఇంట్లో అందరికీ గట్టిగా చదివి వినిపించాను.

పళ్ళెంలో పరిచాను. ఒకేలా లేవండి. కొన్ని పొడుగ్గా సన్నగా, దంతం రంగులో ఉన్నాయి. ఎక్కువ మటుకు పొట్టిగా, బొద్దుగా, కొంచెం మెరుపు తగ్గినట్టున్నాయి. ప్యాకెట్ మీద "పైన్ నట్స్" అని తప్ప ఇంకేం లేదు.

సన్నసెగ:

అదే నా అనుమానం. పైన్ నట్ అంటే ఒకే రకం చెట్టు గింజ కాదు. పైన్ జాతులు వందకు పైనే ఉన్నాయి, వాటిలో ఒక ఇరవై జాతుల గింజలే ఏరుకుని తినేంత పెద్దవి. మధ్యధరా తీరపు స్టోన్ పైన్ గింజ పొడుగ్గా, సన్నగా ఉంటుంది. కొరియన్ పైన్ గింజ పొట్టిగా, ముక్కోణంలా, కొనమీద గోధుమరంగు చుక్కతో ఉంటుంది. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ కొండల్లోనూ మన హిమాచల్‌లోని కిన్నౌర్‌లోనూ దొరికే చిల్గోజా వీటన్నిటికంటే సన్నం. అది ఎక్కువగా పెంకుతోనే అమ్ముతారు, గోటితో ఒత్తితే చిట్లుతుంది. చైనా వైట్ పైన్ అని ఇంకొకటుంది, శాస్త్రీయ నామం పైనస్ ఆర్మాండీ. పైన్ మౌత్ కేసుల్లో మళ్ళీ మళ్ళీ బయటపడింది ఈ గింజే. పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. కంటితో చూసి నూటికి నూరుపాళ్ళు చెప్పలేం గానీ, కలగలుపు ప్యాకెట్ అయితే నేను మాత్రం ఉంచను.

వేయిస్తే పోతుందా అని అడుగుతారేమో, పోదు. నాకు రెండోసారి వచ్చింది బాగా వేయించిన గింజలతోనే.

ఈసారి కొన్నప్పుడు జాతి పేరో, కనీసం పండిన దేశం పేరో రాసి ఉన్నది తీసుకోండి. నా అలవాటేమిటంటే, కొత్త ప్యాకెట్ విప్పగానే పది గింజలు తిని రెండు రోజులు ఆగుతాను. పిచ్చి అనుకున్నా సరే.

పళ్ళెంలెక్క:

నేను డైటీషియన్‌ని. "రోజూ గుప్పెడు బలం" అన్న మాట దగ్గర ఆగాను.

100 గ్రాముల ఎండు పైన్ నట్స్‌లో దాదాపు 673 కాలరీలు. కొవ్వు 68 గ్రాములు, ప్రొటీన్ సుమారు 14, పీచు 4 గ్రాములలోపే. అంటే బరువులో మూడింట రెండు వంతులు నూనె. మీరు సినిమా చూస్తూ తిన్న ఒక్కో గుప్పెడు, 28 గ్రాములు అనుకుంటే, దగ్గర దగ్గర 190 కాలరీలు, 160 చిల్లర గింజలు. ప్రొటీన్ కోసమైతే ఇవి తినకండి. వేరుశనగలో, బాదంలో ఇంతకంటే చాలా ఎక్కువ ఉంది.

మంచి లేదని కాదు. ఆ నూనెలో ఎక్కువ భాగం గుండెకు మేలు చేసే అసంతృప్త రకం. అదే గుప్పెట్లో మాంగనీస్ దాదాపు రెండున్నర మిల్లీగ్రాములు, పెద్దవాళ్ళకి ఒక రోజుకు సరిపడా. మెగ్నీషియం 70, జింక్ 2 మిల్లీగ్రాములకు కొంచెం తక్కువ. విటమిన్ ఇ కూడా చెప్పుకోదగ్గంత. కానీ రోజూ గుప్పెళ్ళు అక్కర్లేదు, కూర మీదో సలాడ్ మీదో చల్లే ఒక పెద్ద చెంచా చాలు. అది 60 కాలరీలకు అటూ ఇటూ.

ఈ మధ్య "పైన్ నట్ నూనె ఆకలి చంపేస్తుంది, బరువు తగ్గిస్తుంది" అని క్యాప్సూల్స్ అమ్ముతున్నారు. దాని వెనక ఉన్నది పినోలెనిక్ ఆమ్లం అనే ఒక రకం కొవ్వు ఆమ్లం. కొరియన్ పైన్ నూనెలో అది సుమారు 14 శాతం ఉంటుంది, మధ్యధరా రకంలో ఒక శాతం కూడా ఉండదు. కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు కాసేపు పెరిగినట్టు చిన్న చిన్న పరీక్షల్లో కనిపించింది. అక్కడి నుంచి నడుము సన్నబడే దాకా లాక్కెళ్ళడం అమ్మేవాళ్ళ పని.

సన్నసెగ:

పళ్ళెంలెక్క గారు చెప్పిన ఆ "మూడింట రెండు వంతులు నూనె" దగ్గరే కొత్తవంట గారి మాడిన వాయికీ, అలమరలో పెట్టిన ప్యాకెట్‌కీ జవాబుంది. దీన్ని పప్పు అనుకుంటేనే తప్పులన్నీ జరుగుతాయి. గింజ ఆకారంలో ఉన్న నూనెచుక్క అనుకోండి.

నూనె కాబట్టి గాలి, వెలుతురు, వేడి తగిలితే ముక్కిపోతుంది. అలమర దీనికి చోటు కాదు. బిగుతు మూత ఉన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే కొన్ని నెలలు, ఫ్రీజర్‌లో ఇంకా ఎక్కువ కాలం ఆగుతుంది. గడ్డకట్టినా గింజలు ఒకదానికొకటి అంటుకోవు, కావలసినన్ని చెంచాతో తీసుకోవచ్చు.

వేయించడం. చల్లటి మూకుట్లో, ఒకే వరుసగా, నూనె లేకుండా వేసి అప్పుడు పొయ్యి వెలిగించండి. సెగ సన్నగా ఉండాలి. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగదు, విసుగొస్తుంది, మంట పెంచబుద్ధవుతుంది. పెంచకండి. తర్వాత గింజల మీద సన్నగా చెమట పట్టినట్టు మెరుపు వస్తుంది, అది లోపలి నూనె బయటికి రావడం. వెన్న కాగుతున్న వాసన మొదలవుతుంది. అక్కడి నుంచి చేతిలో చెంచా ఆగకూడదు. గింజ ఒక పక్కకి ఒరిగి పడుకుంటుంది, పడుకున్న పక్క మాత్రమే నల్లబడుతుంది. మీకు సగం బొగ్గు, సగం పాలు అయింది అందుకే. లేత గోధుమ రంగు తిరగ్గానే చల్లటి పళ్ళెంలో గుమ్మరించేయండి. పొయ్యి ఆపి మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే ఇంకో రెండు ఛాయలు ముదురుతాయి. ఫోన్ మోగితే మోగనివ్వండి.

అరబ్బు వంటల వాళ్ళ పద్ధతి ఇంకా సులువు. చల్లని నెయ్యిలో గింజలు వేసి, రెండూ కలిసి వేడెక్కనిస్తారు. నాలుగు వైపులా సమానంగా రంగొస్తుంది. ఆ నెయ్యితో సహా హమ్మస్ మీద పోస్తారు, కిబ్బె అనే గోధుమరవ్వ, మాంసం ఉండల లోపలి మాంసంలో కలుపుతారు.

ఇది వింటే మీకు నవ్వో ఏడుపో తెలియదు: పెస్టోకి పేరుపడ్డ ఇటలీలోని జెనోవా వాళ్ళు దానికి పైన్ నట్స్ వేయించనే వేయించరు. పచ్చివే. పాలరాతి రోట్లో వెల్లుల్లి, తులసి జాతి ఆకు బాసిల్, కల్లుప్పు, గింజలు నూరి, పార్మెజాన్, పెకోరినో చీజ్ కలిపి, చివర ఆలివ్ నూనె. అందులో గింజ పని రుచి కాదు, చిక్కదనం. ఆకు ఘాటునీ చీజ్ ఉప్పునీ పట్టి ఉంచే మీగడలా ఉండాలి. వేయిస్తే ఆకు వాసన వెనక్కి పోతుంది. అంటే మీరు మాడ్చిన వాయి అసలు పొయ్యెక్కాల్సిన పనే లేదు.

వేయించిన గింజలు పాలకూర, ఎండుద్రాక్షలతో బాగుంటాయి. స్పెయిన్‌లో కాటలోనియా వాళ్ళు అలాగే చేస్తారు. టర్కీ వాళ్ళు ద్రాక్షాకుల్లో చుట్టే అన్నంలో నల్ల ఎండుద్రాక్షతో కలిపి వేస్తారు. గింజ కమ్మదనానికి పక్కన ఒక తీపి, ఒక పులుపు ఉంటే చాలు. గింజలు వేయించకుండా చేసేవాటిలో నాకు నచ్చింది మాత్రం కొరియా వాళ్ళ జాత్‌జుక్. నానబెట్టిన బియ్యం, గింజలు విడివిడిగా నీళ్ళతో మెత్తగా రుబ్బి, వడకట్టి, సన్నసెగ మీద కలుపుతూ కాచే జావ. జ్వరం వచ్చి లేచినవాళ్ళకి పెడతారు. ఉప్పు ముందే వేస్తే పలచబడిపోతుంది, దించాకే వేయాలి.

గింజలపెట్టె:

ముక్కిపోయిందని తొందరపడి అన్నాను, ఒప్పుకుంటున్నాను. ఊరికే పోకుండా ఒక సంగతి చెబుతా. నేను ట్రెక్కింగ్‌కి వెళ్ళి కిన్నౌర్‌లో చిల్గోజా దింపడం చూశాను. కాయ విచ్చుకోకముందే పొడుగు కర్రలతో లాగి దింపి, కుప్ప పోసి ఆరబెట్టి, పొలుసులు విచ్చుకున్నాక గింజ దులుపుతారు. చేతులకి అంటిన జిగురు సబ్బుతో పోదు. కాయ పండడానికి ఒక్క ఏడాది చాలదు. వచ్చే ఏడాది కాయ పిందెగా అదే కొమ్మ మీద ఉంటుంది, కాబట్టి కొమ్మ విరిస్తే రెండు పంటలు పోయినట్టే. గింజలన్నీ ఏరేస్తే కొత్త మొక్క మొలవడానికి నేల మీద ఏమీ మిగలదు కూడా.

కొత్తవంట:

ఎవరైనా వెతుక్కుంటూ వస్తారని అప్‌డేట్ పెడుతున్నాను. మొత్తం తొమ్మిది రోజులు పట్టింది. ఒక్కసారిగా పోలేదు. ముందు నీళ్ళు బాగుపడ్డాయి, తర్వాత అన్నం, చివరికి తీపి. నిన్న పొద్దున కాఫీ కాఫీలాగే ఉంది. రెండు కప్పులు తాగాను.

పాత ప్యాకెట్ చెత్తబుట్టలోకి వెళ్ళింది. జాతి పేరు రాసి ఉన్న కొత్తది తెచ్చాను, ముక్కోణం గింజ, కొన మీద చుక్క ఉంది. పది తిని రెండు రోజులుగా కాచుకుని కూర్చున్నాను, ఇప్పటిదాకా ఏమీ లేదు. సన్నసెగ గారూ, ఆ జావకి బియ్యం ఎంతసేపు నానాలి?

సన్నసెగ:

రెండు గంటలు చాలు. అరకప్పు బియ్యానికి పావుకప్పు గింజలు. అడుగంటుతుంది, కలుపుతూనే ఉండండి.