లైసెన్స్‌తో మళ్ళీ వస్తున్న పాత గేమ్ క్యాసెట్లు: కొనాలా, వద్దా?

వేళచ్చేరి_వాసి:
మెగా మ్యాన్ 2, స్ట్రీట్ ఫైటర్ 2 లాంటి ఆటల్ని, వాటి హక్కులున్న క్యాప్‌కామ్ దగ్గర లైసెన్స్ తీసుకుని ఐయామ్ ఎయిట్‌బిట్ అనే కంపెనీ మళ్ళీ క్యాసెట్లుగా వేసింది. అలాంటిది ఒకటి తెప్పించుకోవాలని ఉంది. ఇక్కడ చెన్నై రిచీ స్ట్రీట్‌లో లైసెన్స్ లేని కాపీ క్యాసెట్ అందులో పదో వంతుకే ఇస్తామంటున్నారు. అంత పోసి కొనడం అవసరమంటారా?

పెరంబూరు_ఆటగాడు:
కొనమనే చెప్తానన్నా. కాకపోతే లైసెన్స్ ఒక్కటే చూసి కొనకండి, లోపలి బోర్డు సంగతి కూడా కనుక్కోండి. 2017లో ఆ స్ట్రీట్ ఫైటర్ 2ని 5,500 క్యాసెట్లే వేసి, ఒక్కోటి 100 డాలర్లకు అమ్మారు. ఆ క్యాసెట్‌ని సూపర్ నింటెండో అనే పాత గేమ్ మెషీన్‌లో పెడితే మెషీన్ వేడెక్కవచ్చు, అంటుకోనూవచ్చు అని వాళ్ళే హెచ్చరిక రాశారు.

ఇక కాపీల విషయం. పాత మెషీన్లు 5 వోల్టులవి. ఆటని దాచే ఇప్పటి ఫ్లాష్ చిప్పులు ఎక్కువగా 3.3 వోల్టులవి. మధ్యలో వోల్టేజీ సర్దే చిప్పు పెట్టకపోతే ఆట మొదట్లో బాగానే నడుస్తుంది, కానీ చిప్పు మీదా మెషీన్ మీదా లోడ్ పడుతూనే ఉంటుంది. నేను కొన్న కాపీ విప్పి చూస్తే ఒక ఫ్లాష్ చిప్పు, రెండు రెసిస్టర్లు, అంతే. అరగంట ఆడాక ఆ చిప్పు మీద వేలు ఆనించలేకపోయాను. నాన్న కొనిపెట్టిన మెషీన్ అది, ప్రాణం ఉసూరుమంది.

అన్నానగర్_రెట్రో:
లైసెన్స్ డబ్బు ఆట తయారుచేసిన మనుషులకి చేరుతుందా బ్రదర్? హక్కులున్న కంపెనీకే కదా. పైగా కొందరు ముందే నాలుగైదు కొనేసి రెట్టింపు రేటుకి అమ్ముతారు. నేనైతే పాత ఒరిజినలే వెతుక్కుంటాను.

పెరంబూరు_ఆటగాడు:
వాళ్ళకి చేరుతుందని నేనూ అనను. కానీ పాత ఒరిజినల్‌కి మనం ఇచ్చేది అమ్మినవాడి జేబులోకే పోతుంది. వీటికి గిరాకీ ఉందని కంపెనీకి తెలిస్తేనే ఇంకో పాత ఆట బయటికి తీస్తారు. నాకు కావలసింది అదే.

వేళచ్చేరి అన్నా, ఇంకో మాట. మీది చిన్నప్పటి టీవీ గేమేనా? అవి ఎక్కువగా నింటెండో వాళ్ళ జపాన్ మెషీన్ ఫ్యామికామ్‌కి నకళ్ళు, 60 పిన్నులవి. దాని అమెరికా రకమైన ఎన్‌ఈఎస్ క్యాసెట్‌కి 72 పిన్నులు. అడాప్టర్ లేకుండా స్లాట్‌లో పట్టదు. ఆర్డర్ పెట్టేముందు మీ మెషీన్ స్లాట్ ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.