అరకు చుట్టుపక్కల నక్షత్ర దర్శనానికి అనువైన చోటు ఏది? అనుభవమున్నవారు చెప్పగలరు

విశాఖ నక్షత్రం

అందరికీ నమస్కారం. నాకు 10x50 బైనాక్యులర్స్, ఆరు అంగుళాల టెలిస్కోపు ఉన్నాయి. విశాఖపట్నంలో మా మేడ మీద నుంచి చూస్తే కృత్తికలలో నాలుగు చుక్కల కంటే ఎక్కువ లెక్కపెట్టలేను. అందుకని గత రెండు శీతకాలాల్లో మూడుసార్లు అరకు వెళ్లాను. మూడుసార్లూ ఊళ్లోనే బస చేశాను, మూడుసార్లూ నిరాశే ఎదురైంది. మొదటిసారి బస చేసిన చోట తెల్లవార్లూ వెలిగే దీపాలు అడ్డమయ్యాయి. రెండోసారి చుట్టూ చెట్లే తప్ప ఆకాశం కనిపించలేదు. మూడోసారి రాత్రి పదకొండు వరకు అద్భుతంగా ఉన్న ఆకాశం అర్ధరాత్రికల్లా పొగమంచులో మునిగిపోయింది. పగటి పూట అందంగా కనిపించే చోట్ల గురించి ఎవరిని అడిగినా చెబుతారు గానీ, రాత్రి పూట దక్షిణ దిక్కు తెరిపిగా కనిపించే చోటు గురించి చెప్పేవారు దొరకడం లేదు. దయచేసి మీరు స్వయంగా చూసిన చోట్ల గురించి మాత్రమే రాయండి.

మన్యం పథికుడు

మీ మూడు ప్రయాణాలూ చెడిపోవడానికి కారణం ఒక్కటే అనిపిస్తోంది: మీరు లోయ అడుగున ఉండిపోయారు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నా, చుట్టూ ఉన్న కొండలతో పోలిస్తే అదొక పళ్లెం. రాత్రి నేల వేడిని కోల్పోయినకొద్దీ దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలుల వెంట జారి ఆ పళ్లెంలో చేరుతుంది. అందులోని తేమ అర్ధరాత్రి దాటాక పొగమంచుగా మారుతుంది. అదే సమయంలో లోయ కంటే నూట యాభై, రెండు వందల మీటర్లు పైకి వెళితే గాలి కాస్త వెచ్చగా, ఆకాశం తేటగా ఉంటుంది. అంతేకాదు, కింద పరుచుకున్న మంచు ఊరి దీపాలను దుప్పటిలా కప్పేస్తుంది కాబట్టి, లోయలో ఉన్నవారికి శాపమైన ఆ మంచే పైన ఉన్నవారికి వరమవుతుంది. అరకు దగ్గరి మాడగడ కొండ పైన నేను రెండుసార్లు ఈ మార్పు కళ్లారా చూశాను. రాత్రి పదింటికి తూర్పున లేతగా కనిపించిన వెలుగు, రెండింటికి లోయ మంచుతో నిండాక దాదాపు మాయమైంది.

చెట్ల విషయానికి వస్తే, కాఫీ తోటల్లో బస చేయడం నక్షత్రాల కోసం వెళ్లేవారికి తగదు. కాఫీ మొక్కకు నీడ కావాలి కాబట్టి నిండా సిల్వర్ ఓక్ చెట్లు పెంచి, వాటికి మిరియం తీగలు పాకిస్తారు. అక్కడి నుంచి చూస్తే నడినెత్తిన చిన్న కిటికీ అంత ఆకాశమే మిగులుతుంది. నా లెక్కలో అన్నిటి కంటే మంచి చోటు కోత కోసిన వలిసె (నూనె గింజల పంట) చేను. అక్టోబరు నుంచి పసుపుపచ్చని పూలతో యాత్రికులు ఫొటోలు తీసుకునే ఆ వాలు చేలే, కోత అయ్యాక ఒక్క చెట్టు అడ్డం లేని మైదానాలవుతాయి. పంట చేలో ఉండగా మాత్రం అడుగు పెట్టకండి. కోత తరువాత కూడా రైతును అడిగే దిగండి. నేను అడిగిన ప్రతిచోటా సరేనన్నారు, ఒకచోట నెగడు కూడా వేసి పెట్టబోతే వద్దని చెప్పుకోవలసి వచ్చింది.

శర్మిష్ఠ

గాలికొండ గురించి ఎవరైనా చెప్పేలోపే నా అనుభవం రాస్తాను. అనంతగిరి దాటాక ఘాట్ రోడ్డు మీద వచ్చే ఆ వ్యూపాయింట్ ఎత్తులో అరకును మించినదే, గాలి కూడా తేటగానే ఉంటుంది. అయితే విశాఖపట్నం అరకుకు దక్షిణ ఆగ్నేయంగా, గీత గీసినట్టు చూస్తే సుమారు 80 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. గాలికొండకు ఆ దూరం ఇంకా తగ్గుతుంది. నగరపు కాంతి అక్కడి నుంచి ఆగ్నేయ దిగంతం మీద పాలిపోయిన గోపురంలా కనిపిస్తుంది. మనం ఎక్కువగా ఆశపడే అగస్త్య నక్షత్రం, దక్షిణ శిలువ అనే నక్షత్రమండలం ఆ వైపు నుంచే పైకి వస్తాయి. అందువల్ల నగరానికి మనకూ మధ్య ఒక కొండ వరుస ఉండే చోటును వెతుక్కోవాలి. అరకు నుంచి పాడేరు వైపు, డుంబ్రిగూడ దాటి వెళ్లేకొద్దీ ఆ గోపురం కుంగుతూ పోయింది.

ఆకాశం ఎంత చీకటిగా ఉందో చెప్పుకోవడానికి జాన్ బోర్టల్ 2001లో ప్రతిపాదించిన తొమ్మిది మెట్ల కొలమానం ఉంది. ఒకటి అంటే చిక్కని చీకటి, తొమ్మిది అంటే మహానగరపు నడిబొడ్డు. అయితే కొత్తవారు అంకెల కంటే కళ్లనే నమ్ముకోవడం మేలని నా అభిప్రాయం. దీపాలేవీ చూడకుండా అరగంట కూర్చోండి, కంటిపాప విప్పారడంతో పాటు రెటీనాలో చీకటి చూపుకు కావలసిన వర్ణకం మళ్లీ పోగుపడటానికి అంత సమయం పడుతుంది. ఆ తరువాత శీతకాలపు పాలపుంత, అంటే మృగశిరకు తూర్పుగా పారే పలుచని పాయ, మీకు స్పష్టంగా కనిపిస్తే ఆ చోటు మంచిదే. ఒక్కసారి ఫోను తెర చూసినా ఆ అరగంట వృథా అవుతుంది. ఎర్ర కాగితం చుట్టిన టార్చి తప్ప మరేదీ వెలిగించకండి.

పాడేరు పంతులమ్మ

ఈ ప్రాంతంలో చాలాకాలంగా పనిచేస్తున్నదాన్ని కాబట్టి రెండు మాటలు చెప్పాలి. వంజంగి కొండకు ఇప్పుడు ఎంత పేరు వచ్చిందంటే, శీతకాలంలో శని, ఆదివారాలు తెల్లవారుజామున మూడింటి నుంచే టార్చి లైట్ల వరుస కొండెక్కుతుంది. మేఘాల మీద సూర్యోదయం చూడాలని వచ్చే వారిని తప్పు పట్టలేం గానీ, నక్షత్రాల కోసం వచ్చేవారు మంగళవారమో బుధవారమో ఎంచుకోవాలి. మా పిల్లలతో కలిసి పనిరోజుల్లో వెళ్లినప్పుడు అక్కడ మేం తప్ప ఎవరూ లేరు. కృత్తికలు చూపిస్తే మా తరగతిలో ఒక పాప “ఇది పిల్లల కోడి కదా టీచర్, మా అమ్మమ్మ చెప్పింది” అంది. ఆ రోజు పాఠం నేను చెప్పలేదు, ఆ పాపే చెప్పింది.

జాగ్రత్తల్లో మొదటిది, ఏ ఊరి పక్కన ఆగినా ముందు ఆ ఊరి పెద్దలకు చెప్పండి. చీకట్లో కొండ మీద అపరిచితులు తిరిగితే ఊరివాళ్లు కంగారు పడటం సహజం. కాఫీ పండ్లు కోసే రోజుల్లో అందరూ పెందలాడే పడుకుని చీకటితోనే లేస్తారు, కారు హెడ్‌లైట్లు ఇళ్ల మీద పడకుండా చూసుకోండి. ఎలుగుబంట్లు తిరిగే వాలుల్లో ఒంటరిగా నడవకండి. ఇది మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి చలి ఉన్నా లేకున్నా ఒళ్లంతా కప్పే బట్టలు, దోమల మందు తప్పనిసరి. మంచు కమ్మిన ఘాట్‌లో రాత్రి బండి నడపడం కంటే ప్రమాదకరమైనది మరొకటి లేదు. తెల్లవారే వరకు ఉండేలా ఏర్పాటు చేసుకునే బయల్దేరండి.

విశాఖ నక్షత్రం

ఎంతో ఉపయోగకరమైన వివరాలు ఇచ్చారు. ఇప్పుడు ఏ నెల, ఏ తిథి అనే ప్రశ్న మిగిలింది. వేసవి పాలపుంత చూడాలంటే వానాకాలం అడ్డం, చలికాలంలో వెళితే అది పగటి ఆకాశంలో ఉంటుంది. దీనికి మార్గం ఉందా?

బహుళ చతుర్దశి

మార్గం ఉంది, అది మన పంచాంగంలోనే ఉంది. సాయంత్రం నుంచి చూడాలనుకుంటే బహుళ అష్టమి నుంచి శుద్ధ చవితి వరకు ఉండే రోజులు ఎంచుకోవాలి. ఎందుకంటే బహుళ అష్టమికి చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో ఉదయిస్తాడు, ఆపైన ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాడు. ఇక నా సలహా అడిగితే మహాశివరాత్రిని మించిన రాత్రి లేదు. మాఘ బహుళ చతుర్దశి కావడంతో చంద్రుడి బెడద ఉండదు, వానలు ఉండవు, పొగమంచు డిసెంబరులో ఉన్నంత దట్టంగా ఉండదు. ఎలాగూ జాగారం చేసే రాత్రే కాబట్టి నేను నాలుగేళ్లుగా దాన్ని డుంబ్రిగూడ పైన ఒక కోసేసిన చేలోనే చేస్తున్నాను.

ఆ రాత్రి ఆకాశం నడిచే తీరు చెబుతాను. ఫిబ్రవరి మధ్యలో అయితే రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య అగస్త్య నక్షత్రం నేరుగా దక్షిణాన నిలుస్తుంది. అరకు అక్షాంశం 18.3 డిగ్రీలు కనుక దాని ఎత్తు 19 డిగ్రీలు, అంటే చేయి చాచి పట్టిన పిడికిళ్లు దాదాపు రెండు. ఇంచుమించు అంతే ఎత్తున ఉత్తరాన ధ్రువుడు ఉంటాడు. మూడింటికి కాస్త ముందు దక్షిణ శిలువ నిటారుగా నిలుస్తుంది, కానీ దిగంతం నుంచి పదకొండు డిగ్రీలే కాబట్టి కొండ అడ్డం ఉంటే దొరకదు. పావు తక్కువ నాలుగుకు ఒమేగా సెంటారీ అనే నక్షత్రగుచ్ఛం 24 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో లక్షలాది నక్షత్రాలు ముద్దగా చేరిన ఆ గుచ్ఛం వట్టి కంటికి మసక చుక్కలా, బైనాక్యులర్స్‌లో పత్తి ఉండలా ఉంటుంది. నాలుగున్నరకల్లా వృశ్చికం పూర్తిగా లేచి, మూల నక్షత్రం పక్కన పాలపుంత మధ్యభాగం కనిపిస్తుంది. వేళలు ఇంత ఖచ్చితంగా కుదరడానికి కారణం, మన గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం అరకుకు 40 కిలోమీటర్ల పడమరగా పోవడమే. ఇక్కడ గడియారపు కాలం, స్థానిక కాలం ఒకటి రెండు నిమిషాల తేడాతో సరిపోతాయి.

మార్చి రెండో వారం దాటితే మాత్రం పోడు కోసం కాల్చే పొగ, అడవి మంటల పొగ దిగంతాన్ని కప్పేస్తాయి. నడినెత్తి బాగానే ఉన్నా దక్షిణపు చుక్కలు ఎర్రబడి మాసిపోతాయి. పోడు మీద ఆధారపడి బతికే రైతులకు అది అవసరం, మన యాత్ర కోసం వారిని తప్పు పట్టడం న్యాయం కాదు. మన తేదీనే మార్చుకోవాలి.

న్యూజెర్సీ నుంచి

నేను ఉండే చోటు 40 డిగ్రీల ఉత్తరాన ఉంది. అక్కడ అగస్త్య నక్షత్రం ఎన్నడూ ఉదయించదు. వింధ్యను దాటి దక్షిణానికి వచ్చిన అగస్త్యుడి కథ చిన్నప్పుడు నాన్నగారి దగ్గర విన్నాను గానీ, నలభై ఏళ్లు దాటాక సెలవులకు వచ్చినప్పుడు, జనవరిలో ఒక రాత్రి అరకు దగ్గర మొదటిసారి ఆ నక్షత్రాన్ని చూశాను. ఆకాశంలో సిరియస్ తరువాత అంత ప్రకాశమైనది మరొకటి లేదు. అంత దగ్గరలో పుట్టి పెరిగి ఇన్నాళ్లూ చూడలేదే అని కళ్లు చెమర్చాయి. పిల్లలతో సెలవులకు వచ్చేవారు ఒక్క రాత్రి దీనికి కేటాయించమని వేడుకుంటున్నాను.

మన్యం పథికుడు

పరికరాలు తెచ్చేవారికి ఒక చిన్న సంగతి. ఇక్కడ చలి కంటే తేమ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. రాత్రి ఒంటిగంటకల్లా కటకాల మీద నీటి పొర పేరుకుంటుంది. టెలిస్కోపు మూతికి దాని వ్యాసానికి ఒకటిన్నర రెట్లు పొడవుండేలా నల్ల అట్ట గొట్టం తొడిగితే రెండు మూడు గంటలు అదనంగా పనిచేస్తుంది. తడిసిన కటకాన్ని గుడ్డతో తుడవకండి. కొన్ని చోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి స్టెలేరియం వంటి నక్షత్ర పటం చూపే యాప్‌ను ఇంట్లోనే సిద్ధం చేసుకోండి.

శర్మిష్ఠ

సరిహద్దు దాటగలిగేవారికి ఒడిశాలోని దేవమాలి గురించి కూడా చెప్పాలి. 1,672 మీటర్ల ఆ శిఖరం మీద గడ్డి తప్ప చెట్లు లేకపోవడం వల్ల నాలుగు దిక్కులా దిగంతం కనిపిస్తుంది. దామన్‌జోడి అల్యూమినా కర్మాగారపు వెలుగు ఒక పక్క ఉన్నా, దక్షిణం మాత్రం నాకు అరకు కంటే బాగా కనిపించింది. గాలి చాలా బలంగా వీస్తుంది, ఎత్తైన స్టాండు నిలవదు.

విశాఖ నక్షత్రం

మీ అందరి మాట ప్రకారం మొన్న శివరాత్రికి డుంబ్రిగూడ వైపు వెళ్లి వచ్చాను. రైతును అడిగి, వలిసె కోసిన చేలో దుప్పట్లు పరిచి, మా అమ్మాయి, నేను, మా బావగారు రాత్రంతా కూర్చున్నాం. అగస్త్యుడు చెప్పిన వేళకే దక్షిణాన నిలిచాడు. ఒంటిగంటకు లోయంతా మంచుతో నిండింది, మేం దానికి పైనే ఉన్నాం. మూడు గంటలకు దక్షిణ శిలువ కాలి చుక్క మాత్రం ఎదురుగా ఉన్న గుట్ట వెనుక ఉండిపోయింది, వంద అడుగులు పైకి నడిస్తే అదీ కనిపించింది. ఈసారి కృత్తికలు మా అమ్మాయి తొమ్మిది లెక్కపెట్టింది, నేను ఏడు. ఆ చేను రైతు కూడా నాలుగింటికి లేచి వచ్చి బైనాక్యులర్స్‌లో ఒమేగా సెంటారీని చాలాసేపు చూశాడు. వచ్చే ఏడు కోత అయ్యాక కబురు చేస్తానని చెప్పాడు.