చిన్న మోటర్‌హోమ్: కొత్త ఈకోనా, పాత ట్రావెలరా?

కాజీపేట జంక్షన్:
మార్పులతో కలిపి 10 లక్షల లోపు చిన్న మోటర్‌హోమ్ (లోపలే పడుకునేలా మార్చిన బండి) ఒకటి చేయించుకోవాలని ఉంది. ఇంట్లో నేను, మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదివే పాప, అప్పుడప్పుడు అమ్మ. తిరిగేది లక్నవరం, రామప్ప, బొగత, కాళేశ్వరం, సెలవులు ఎక్కువ దొరికితే కుంటాల దాకా. కొత్త మారుతి ఈకో వ్యాన్ కొని వెనక మంచం వేయించాలా, పాత ఫోర్స్ ట్రావెలర్ మినీబస్సు తీసుకుని లోపలంతా మార్పించాలా? మిగతా రోజుల్లో కూరగాయలకైనా, పెళ్లికైనా ఇదే బండి. ఇల్లేమో ఇరుకు సందులో.

ఆటోనగర్ పాత చెయ్యి:
నలుగురంటే ట్రావెలరే. ఈకో వెడల్పు బయటి కొలతే 1475 మిల్లీమీటర్లు. ఐదడుగులు కూడా లేదు, అడ్డంగా ఎవరూ పడుకోలేరు. నిలువుగా ఇద్దరు, అదీ సర్దుకుని. లోపల నిలబడి చొక్కా మార్చుకునే మాటే లేదు. పైగా ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. పొద్దంతా నడిపి సాయంత్రం ఆపితే ఆ వేడి తొందరగా పోదు. ట్రావెలర్లో మంచం వేశాక కూడా నడవడానికి దారి మిగులుతుంది. కొనేటప్పుడు ఇంజన్ శబ్దం విని మురిసిపోకుండా, మ్యాట్ ఎత్తి ఫ్లోర్ చూడండి. తుప్పు పట్టిన రేకు మీద ఎంత మంచి ప్లైవుడ్ పరిచినా డబ్బు దండగ.

ఫైలు మనిషి:
అన్నా, అమ్మకానికొచ్చే పాత ట్రావెలర్లు ఎక్కువగా పసుపు నంబర్ ప్లేటు ఉన్న కిరాయి బళ్లే. సొంత బండిగా మార్చాలంటే పర్మిట్ సరెండర్, లైఫ్ ట్యాక్స్, ఆర్టీఏ చుట్టూ తిరగడం. అలాగే ఉంచుకుంటే ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్. అసలు టెన్షన్ మార్పులతోనే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. మోటర్ కారవాన్లకు, అంటే ఇలాంటి మోటర్‌హోమ్‌లకు, ఏఐఎస్-124 అని విడిగా ఒక ప్రమాణమే ఉంది. సీట్లు పీకి, అల్మారాలు బిగించి, ఆర్సీలో ఎక్కించకుండా తిరిగితే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు ముందు పట్టుకునేది దాన్నే. "అందరూ చేయిస్తున్నారు కదా" అని క్లెయిమ్ ఫారంలో రాయలేం. ఈకోలో బోల్టు కొట్టకుండా, తిరిగొచ్చాక తీసి మేడ మీద పెట్టుకునే మంచం చేయిస్తే ఈ గొడవ చాలావరకు ఉండదని నా అభిప్రాయం. పని మొదలుపెట్టే ముందు ఆర్టీఏలో ఒకసారి అడగండి.

పాఖాల గాలి:
బండి సరే, రాత్రి నిద్ర సంగతి? టన్ను ఏసీ నడుస్తున్నంతసేపు దాదాపు కిలోవాట్ లాగుతుంది. కంప్రెసర్ ఆగుతూ నడిచినా తెల్లారేసరికి ఐదు యూనిట్లు ఖాయం. 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలో ఉండేది 1.2 యూనిట్లు. మామూలు లెడ్ యాసిడ్ అయితే అందులో సగమే వాడుకోవాలి. మంచి ఎండలో 100 వాట్ల ప్యానెల్ రోజుకు ఇచ్చేది అర యూనిట్ లోపే. కాబట్టి ఈ బడ్జెట్‌లో ఏసీ మరచిపోయి 12 వోల్టుల ఫ్యాన్లు, కిటికీలకు దోమతెర పెట్టించండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని పడుకోవడం మాత్రం అస్సలు వద్దు, ఇంజన్ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయి. మే నెలలో రామగుండం వైపు ఏ బండిలో పడుకున్నా ఒకటే నరకం.

రూమే బెస్ట్:
అదే 10 లక్షలు 7 శాతానికి బ్యాంకులో వేస్తే ఏడాదికి 70,000. లక్నవరంలో టూరిజం వాళ్ల కాటేజీలే ఉన్నాయి. ఆ వడ్డీతో ఏడాదంతా రూముల్లో పడుకోవచ్చు, అసలు అలాగే ఉంటుంది. బండికి మాత్రం కొన్న రోజు నుంచే రేటు పడిపోతుంది.

ములుగు రోడ్డు అక్క:
లెక్క బాగుంది తమ్ముడూ, కానీ రూములో పడుకోవడానికి ఆయన బండి అడగలేదు కదా. బాత్రూం సంగతి ఒక్కరూ ఎత్తలేదు, అందరూ మగవాళ్లే అనుకుంటా! కెమికల్ టాయిలెట్ పెట్టిస్తే దాన్ని ఖాళీ చేయడానికి మన దారుల్లో చోటెక్కడ? పెట్రోల్ బంకులు, కాటేజీల పార్కింగ్ చూసుకునే ఆగాలి. అలాంటప్పుడు లోపల టాయిలెట్, సింకు ఎందుకు? నీళ్లు 100 లీటర్లు పోస్తే అదే 100 కిలోలు. మేడారం జాతరకు మనవాళ్లు ట్రాక్టర్ ట్రాలీల్లో పోయి, పరదా కట్టుకుని, బయట పొయ్యి పెట్టి రోజులకు రోజులు ఉండటం లేదా? ఈకో చాలు. వెనక డోరు ఎత్తి దాని ముందు వంట. ఐదు కిలోల చిన్న సిలిండర్ కూడా బయటే, ఎందుకంటే గ్యాస్ లీకైతే గాలి కంటే బరువు కాబట్టి ఫ్లోర్ మీదే పేరుకుంటుంది.

ఆటోనగర్ పాత చెయ్యి:
అక్కా, జాతర మాఘమాసంలో. బొగత చూడాలంటే వానాకాలం. అప్పుడు ఏ పరదా కింద వండుతారు? జలపాతం నిండుగా ఉన్నప్పుడు బయట ఉండలేం, బయట ఉండగలిగినప్పుడు జలపాతం సన్నబడుతుంది. నేను ట్రావెలర్ అనేది అందుకే.

ములుగు రోడ్డు అక్క:
వానకు బొగత పొద్దున పోయి సాయంత్రం వచ్చేయొచ్చు. వరద ఎక్కువైతే ఎలాగూ లోపలికి పోనివ్వరు. ఆ రెండు నెలల కోసం ఏడాదంతా సందులో ట్రావెలర్ తిప్పుతారా?

కాజీపేట జంక్షన్:
మా సందులో ట్రావెలర్ తిరగదు, ఇవాళ టేపుతో కొలిచాను. బయట ఎక్కడో పెట్టి నెలనెలా కిరాయి కట్టడం నాకు ఇష్టం లేదు. ఈకో వైపే మొగ్గుతున్నా. ఆవిడ, పాప లోపల, నేను పక్కన టెంటులో. అమ్మ వచ్చినప్పుడు ఆమెకు రూమే, మోకాళ్ల నొప్పులతో ఆ మంచం ఎక్కలేదు. అయితే, సీట్లు పీకే పని లేకుండా నేరుగా కార్గో మోడల్ కొంటే?

ఫైలు మనిషి:
వద్దు. అది సరుకు బండిగా రిజిస్టర్ అవుతుంది, ముందు రెండు సీట్లే. పాపను వెనక కూర్చోబెట్టడం కుదరదు. ఐదు సీట్లది తీసుకోండి. షోరూంలోనే వెనక సీటు మడిచి, ఆవిడను పడుకోబెట్టి చూశాకే అడ్వాన్స్ కట్టండి.