ఒకే సొరపాదుకు కొన్ని కాయలు చేదు: పీకేయాలా, ఆగాలా?

మాది కూకట్‌పల్లి. మేడ మీద 24 అంగుళాల గ్రోబ్యాగులో ఫిబ్రవరిలో వేసిన సొరపాదు. ప్యాకెట్ విత్తనమే. మొదటి కాపు బాగుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటాక వచ్చిన కాయల్లో కొన్ని చేదు విషం, తొడిమ వైపు మరీను. అదే తీగకి పక్కనే కాసినది మాత్రం కమ్మగా ఉంటోంది!

పురుగులూ పశువులూ తినకుండా ఈ జాతి మొక్కలు కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు తయారుచేసుకుంటాయనీ, ఎండ, నీటి ఎద్దడి తగిలితే అవి పెరగొచ్చనీ తెలుసు. ఉడికించినా పోవు, తింటే వాంతులు, విరేచనాలు. అందుకే ప్రతి కాయనీ చిన్న ముక్క నాలుకకి తగిలించి చూసి, చేదుంటే పారేస్తున్నాం. (ఉప్పు రాసి పిండమని మాత్రం చెప్పకండి, అది కాకరకాయకి.)

రెండు పూటలా నీళ్లు పోస్తున్నాను. 50 శాతం షేడ్‌నెట్ కట్టాను, మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచాను. తేడా లేదు. తీగ మాత్రం పచ్చగా, పూతతో ఉంది, పీకబుద్ధి కావడం లేదు.

ఇలా ఎండాకాలంలో చేదెక్కిన పాదు వానలు పడ్డాక మళ్లీ మంచి కాయలే కాసిందా మీలో ఎవరికైనా?