జీఎస్టీ నంబరు రద్దయింది, నోటీసులన్నీ పాత ఆడిటర్ మెయిల్‌కే వెళ్లాయి

గుంటూరు_ఆవకాయ:
అందరికీ నమస్కారం. మాది చిన్న పచ్చళ్ల వ్యాపారం. మొన్న ఒక సూపర్ మార్కెట్‌కి నలభై డబ్బాలు పంపితే, "అమ్మా, మీ జీఎస్టీ నంబరు క్యాన్సిల్ అయినట్టు చూపిస్తోంది" అని సరుకు ఆటోలోంచి దించకుండానే తిప్పి పంపేశారు. సీజన్ అయిపోయింది, అమ్మకాలు లేవు, ఇంక జీఎస్టీ రిటర్న్ (అమ్మకాలు, పన్ను లెక్క) ఎందుకులే అనుకున్నాను. ఆరు నెలలు అలాగే గడిచిపోయాయి. రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఫోను, మెయిలు రెండూ పాత ఆడిటర్ గారివి. ఆయన ఊరు మారిపోయారు. ఒక్క నోటీసూ నా కంటపడలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

పన్నుల_పని:
కంగారు పడకండి అమ్మా. అమ్మకాలు లేకపోయినా నిల్ రిటర్న్ వేయాల్సిందే. ఆలస్యానికి రోజుకు 20 రూపాయలు, పన్ను ఉంటే 50. రద్దు ఆర్డరు అందిన 90 రోజుల్లోపు మళ్లీ పునరుద్ధరించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి ముందు పెండింగ్ రిటర్నులన్నీ ఫీజుతో సహా వేసేయాలి. లాగిన్ మీ చేతిలో లేదు కాబట్టి పాన్, ఆధార్, షాపు కాగితాలు పట్టుకుని మీ ప్రాంతపు జీఎస్టీ సర్కిల్ ఆఫీసుకి వెళ్లండి. ఫోను, మెయిలు మీ పేరు మీదికి మార్పిస్తారు.

వరంగల్_ఫ్లెక్సీ:
అక్కా, నాదీ ఇదే కథ. ఓటీపీ కోసం ఆడిటర్ ఇంటి ముందు రెండు గంటలు నిలబడ్డాను. తప్పంతా ఆయనదే అనుకున్నాను గానీ, ఐదేళ్లలో ఒక్కసారైనా లాగిన్ ఇమ్మని నేను అడగలేదు. ఇప్పుడు ప్రతి నెలా 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల బిల్లుల వివరాలు), 20న 3బీ (నెల పన్ను లెక్క) వేశారో లేదో నేనే తెరిచి చూసుకుంటున్నాను. మనం జీఎస్టీఆర్-1 వేయకపోతే, కొన్నవాళ్లకు తమ పన్నులోంచి తగ్గించుకునే క్రెడిట్ కనపడదు. నా పెద్ద పార్టీ అలాగే చేజారింది.

కూకట్‌పల్లి_లేత్:
పనిలో పని, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) కూడా చూసుకోండి. అది పూర్తిగా ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వకండి. మనం తయారు చేసే చిన్న యూనిట్లం కదా, కంపెనీలు మనకు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, రాసుకున్న ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే. గడువు దాటితే, నిజంగా చెల్లించేదాకా ఆ కంపెనీలు దాన్ని ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేవు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయడం మొదలుపెట్టాక నా పాత బాకీలు రెండు కదిలాయి.

గుంటూరు_ఆవకాయ:
అందరికీ చాలా థ్యాంక్స్. ఈరోజు సర్కిల్ ఆఫీసులో ఆర్డరు కాపీ చూశాను, ఇంకా 22 రోజుల గడువుంది. ఫోను నంబరు మార్చడానికి కాగితాలు ఇచ్చి వచ్చాను. బ్యాంకు ఖాతాలో, ఫుడ్ లైసెన్సులో ఎవరి మెయిల్ ఉందో కూడా రేపు చూస్తాను.